‘మాట్లాడి పంపిస్తాం’ అని తీసుకెళ్లి మూడో రోజు వదిలారు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఒక చిన్న మున్సిపాలిటీ. మా తమ్ముడికి 23 ఏళ్లు, బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టుకున్నాడు. మా వీధిలో డ్రైనేజీ కోసమని రోడ్డు తవ్వి మూడు నెలలుగా అలాగే వదిలేశారు. తమ్ముడు ఆ గోతి ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘గొయ్యి గొయ్యిలాగే ఉంది, బిల్లు మాత్రం ఎత్తేశారు’ అని రాశాడు. గ్రూపు అడ్మిన్ వెంటనే వాణ్ణి తీసేశాడు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, ‘ఎస్సై గారు రమ్మంటున్నారు, మాట్లాడి పంపిస్తాం’ అని తీసుకెళ్లారు. అన్నం కంచం ముందు నుంచి లేచి వెళ్లాడు. గురువారం పగలు పదకొండింటికి వదిలారు. కేసు లేదు, కోర్టులో పెట్టలేదు. చెంప మీద కొట్టారట, ఎడమ చెవి సరిగా వినిపించడం లేదంటున్నాడు. తెల్ల కాగితాల మీద రెండు సంతకాలు చేయించుకున్నారు. ఫోను ఇంకా స్టేషన్లోనే ఉంది. అడిగితే ‘కౌన్సెలింగ్ ఇచ్చాం, కేసు పెట్టనందుకు సంతోషించండి’ అన్నారు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. తమ్ముడు షాపు తెరవడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాన్న ఆ రెండు రాత్రులూ స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గరే కూర్చున్నారు. ఇప్పుడు మాత్రం ‘పేదవాడి కోపం పెదవికి చేటు, వదిలెయ్యండి. హక్కులు ఇచ్చేది సర్కారు, తీసుకునేదీ సర్కారే. ఎమర్జెన్సీలో చూడలేదా’ అంటున్నారు. నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివాను. ప్రాథమిక హక్కులు ఆరు అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఆరింటిలో ఒక్కటీ ఆ రాత్రి మాకు పనికి రాలేదు. నాన్న చెప్పింది నిజమేనా? మేం ఇప్పుడు ఏం చేయాలి?

— పేరు, ఊరు వెయ్యవద్దన్న ఒక అక్క

సమాధానం: ముందు చెవి చూపించండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, ఈఎన్‌టీ డాక్టరుకు దెబ్బ ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. భయపడి ‘జారిపడ్డాను’ అని చెప్పవద్దు. మెడికో లీగల్ కేసుగా, అంటే దెబ్బ వివరాలు రేపు కోర్టుకు పనికొచ్చేలా ఆసుపత్రి రికార్డులో ఎక్కేలా, రాయమని అడగండి, ఎంఎల్‌సీ అంటే ఆసుపత్రిలో అందరికీ తెలుసు. కర్ణభేరికి చిన్న చిల్లు పడితే చాలాసార్లు కొన్ని వారాల్లో దానంతట అదే పూడిపోతుంది. మీ తమ్ముడికి అది మంచిదే. కానీ పూడిపోయాక దెబ్బ తగిలిందనడానికి గుర్తు మిగలదు. ఇప్పటికే తొమ్మిది రోజులు గడిచాయి. ఈ జవాబు పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లి వచ్చినా ఫర్వాలేదు.

ఇక నాన్నగారి మాట. నేను ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరుగుతున్నాను. ‘హక్కులు ఇచ్చేది సర్కారే’ అన్న మాట రైతుల నోటా విన్నాను, లెక్చరర్ల నోటా విన్నాను. పింఛను లాగా, రేషన్ కార్డు లాగా హక్కు కూడా పైనుంచి మంజూరయ్యేదని మనలో ఎక్కడో నాటుకుపోయింది. మంజూరు చేసినవాడు రద్దు కూడా చేస్తాడు కదా అనుకుంటాం.

రాజ్యాంగంలో మూడో భాగం తీసి వాక్యాలు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. ఈ హక్కులను తీసేసే, తగ్గించే చట్టం ప్రభుత్వం చేయకూడదు, చేస్తే ఆ మేరకు చెల్లదు అంటుంది ఆర్టికల్ 13. చట్టం ముందు సమానత్వాన్ని ప్రభుత్వం ఎవరికీ నిరాకరించకూడదు అంటుంది 14. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్ని గాని, వ్యక్తిగత స్వేచ్ఛను గాని హరించకూడదు అంటుంది 21. ఈ ‘కూడదు’లన్నీ ఎవరికి చెబుతున్నవి? మీకు కాదు, నాకు కాదు. ప్రభుత్వానికి. పరీక్షలో ఆరు హక్కుల పేర్లు అడుగుతారు గాని, అవి ఎవరి చేతులు కడుతున్నాయో అడగరు. అందుకే మార్కులు వచ్చినా ఆ రాత్రి అవి మీకు గుర్తు రాలేదు. అందులో మీ తప్పేమీ లేదు.

ప్రభుత్వం అంటే ఢిల్లీ, అమరావతి, హైదరాబాద్ అనే అనుకోకండి. ఆర్టికల్ 12 ప్రకారం పార్లమెంటు, అసెంబ్లీతో పాటు స్థానిక సంస్థలు కూడా ఆ మాటలోకి వస్తాయి. మీ వీధి తవ్వి వదిలేసిన మున్సిపాలిటీ, మీ తమ్ముణ్ణి తీసుకెళ్లిన స్టేషన్, రెండూ ప్రభుత్వమే. గ్రూపు అడ్మిన్ మాత్రం కాదు. అతను మీవాణ్ణి తీసేయడం బాధ కలిగించవచ్చు, కానీ అది ప్రాథమిక హక్కుల సంగతి కాదు. అంటరానితనం, వెట్టిచాకిరి లాంటి కొన్నిటిలో మాత్రం రాజ్యాంగం మామూలు మనుషులను కూడా కట్టడి చేస్తుంది.

ఎస్సైకి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? చట్టం నుంచి. ఆ చట్టం చేసే శక్తి చట్టసభకు రాజ్యాంగం నుంచి వచ్చింది. కాబట్టి ఆయన ఒక మనిషి మీద చెయ్యి వెయ్యాలంటే వెనక ఒక సెక్షన్ ఉండాలి. మీ తమ్ముడు రాత్రి తొమ్మిదింటికి తన ఇంట్లో కూర్చుని అన్నం తినడానికి ఏ సెక్షనూ చూపించనక్కర్లేదు. కంచం ముందు నుంచి లేపినవాళ్లు చూపించాలి. నేను మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. మనం స్టేషన్‌కు వెళ్లగానే ‘మావాడు ఏ తప్పూ చేయలేదు సార్, వదిలెయ్యండి’ అని బతిమాలతాం. అలా మొదలుపెట్టగానే రుజువు చేసుకునే బరువు మన నెత్తిన పడిపోతుంది. అడగాల్సింది ‘ఏ సెక్షన్ కింద తీసుకొచ్చారు సార్, కాగితం ఇవ్వండి’ అని. గొంతు పెంచక్కర్లేదు, సార్ అనే అనండి. ప్రశ్న మాత్రం అదే ఉండాలి.

ఈ రాతలు రాసినవాళ్లు జైలు గురించి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాళ్లు కాదు. రాజ్యాంగ సభలో కూర్చున్న ఎంతోమంది జైళ్లలో ఉండి వచ్చారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చి ఆ సభలో కూర్చున్నారు. ఆర్టికల్ 21లో ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని మాత్రమే రాస్తే చట్టసభ ఎంత అన్యాయమైన పద్ధతి పెట్టినా చెల్లిపోతుందని సభలో చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి అంబేడ్కర్ 1949 సెప్టెంబర్ 15న ఇంకో అధికరణం తెచ్చారు. ఇప్పుడు మనం ఆర్టికల్ 22 అంటున్నది అదే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. తనకు నచ్చిన వకీలును కలుసుకోనివ్వాలి. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

ఈ నిబంధనలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అప్పటికే ఉన్నాయి. మళ్లీ రాజ్యాంగంలో రాయడం ఎందుకు? అంబేడ్కర్ దీనికి ఆ రోజే సభలో జవాబు చెప్పారు. కోడ్‌లో ఉన్నదాన్ని చట్టసభ ఎప్పుడైనా తీసేయవచ్చు, రాజ్యాంగంలో పెడితే పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని తీసేయలేవు అన్నది ఆయన మాటల సారం. దీని విలువ 75 ఏళ్ల తర్వాత మన కళ్ల ముందే తెలిసింది. 2024 జులై 1న పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ తారుమారయ్యాయి, మా వకీళ్లకే కొన్నాళ్లు తలనొప్పి అయింది. ఆ 24 గంటలు మాత్రం కదల్లేదు. పాత కోడ్‌లో 57, కొత్తదాంట్లో 58, అంతే తేడా.

అదే ఆర్టికల్ 22లో ముందస్తు నిర్బంధానికి, అంటే నేరం చేస్తాడేమోనని ముందే లోపల పెట్టడానికి, కూడా తలుపు తెరిచి పెట్టారు. అది నాకు ఈనాటికీ మింగుడు పడదు. తెలంగాణలో ఇలా లోపల పెట్టడానికే ఉన్న పీడీ యాక్టును ఎడాపెడా వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. మీ తమ్ముడి మీద అది వాడలేదు కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

మంగళవారం రాత్రి తొమ్మిది నుంచి గురువారం పగలు పదకొండు వరకు 38 గంటలు. మీరు ఫిర్యాదు చేస్తే మొదట వచ్చే జవాబు నాకు ఇప్పుడే తెలుసు: ‘మేం అరెస్టే చేయలేదు, పిలిస్తే వచ్చాడు.’ సరే, లేచి ఇంటికి వెళ్తానంటే వెళ్లనిచ్చారా? వెళ్లనివ్వకపోతే అది నిర్బంధమే, దానికి కౌన్సెలింగ్ అని పేరు పెట్టినా ఇంకేం పెట్టినా. రెండు రాత్రులు స్టేషన్లో కూర్చోబెట్టే కౌన్సెలింగ్ ఏ చట్టంలోనూ లేదు. విచారణకు పిలవాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మా కోర్టుల్లో ఇప్పటికీ 41ఎ నోటీసు అనే అంటాం, కొత్త చట్టంలో అది 35(3). అరెస్టే చేస్తే అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఇవన్నీ డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025లో ఇంకా స్పష్టంగా చెప్పింది. మీ తమ్ముడి విషయంలో వీటిలో ఒక్క కాగితం కూడా పుట్టలేదు.

ఇప్పుడు వాడు పెట్టిన పోస్టు సంగతి. మీకు నచ్చే మాటలే రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు, కాబట్టి రెండూ చెబుతాను. ఆర్టికల్ 19 వాక్ స్వాతంత్ర్యం ఇస్తూనే, ఏ ఏ కారణాలతో దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చో జాబితా కూడా ఇచ్చింది: దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు, నేరానికి ఉసిగొల్పడం, పరువునష్టం, ఇంకా కొన్ని. అధికారికి ఇబ్బంది కలగడం, నాయకుడికి కోపం రావడం అనేవి ఆ జాబితాలో లేవు. గోతి ఫొటో పెట్టడం, మూడు నెలలుగా పూడ్చలేదనడం నూటికి నూరుపాళ్లు వాడి హక్కు. ‘బిల్లు ఎత్తేశారు’ అన్నదాంట్లో మాత్రం చిన్న చిక్కుంది. ఎవరి గురించి అన్నాడో తెలిసిపోయేలా ఉండి, చేతిలో ఆధారం లేకపోతే, ఆ మనిషి పరువునష్టం కేసు వేసుకోవచ్చు. కానీ పరువునష్టం నాన్ కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దాని మీద దర్యాప్తే చేయకూడదు, వారెంటు లేకుండా అరెస్టు అసలే కుదరదు. కాబట్టి మీవాడి పోస్టులో తప్పుందని వాదించేవాళ్లకు కూడా మంగళవారం రాత్రి ఇంటికి వచ్చే అధికారం లేదు. తప్పు చేశాడా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ తప్పు మీద వీళ్లకు ఎంత అధికారం ఉంది అన్నది ఇంకో ప్రశ్న. మన ఊళ్లలో ఈ రెండూ కలిపేస్తారు.

2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల విషయంలో ఇదే జరిగింది. ముంబై బంద్ మీద ఒకరు ఫేస్‌బుక్‌లో ప్రశ్న పెట్టారు, ఇంకొకరు లైక్ కొట్టారు. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ గొడవ నుంచి పుట్టిన శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో, ఎదుటివాళ్లకు చిరాకు తెప్పించే ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసిన 66ఎ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం ఎంత చేదుగా ఉన్నా అది హక్కే, ఉసిగొల్పడం దాకా వెళ్తేనే ప్రభుత్వం చెయ్యి పెట్టగలదు అంది. పార్లమెంటు చేసిన చట్టమే గట్టు దాటిందని కోర్టు అన్నప్పుడు, ఏ చట్టమూ లేకుండా ఒక స్టేషన్ చేసిన పనిని ఏమనాలి?

ఎమర్జెన్సీ గురించి నాన్నగారు అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నేను దాచను. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టాక ఆర్టికల్ 14, 21, 22ల కోసం కోర్టు మెట్లెక్కే హక్కునే రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆపేశారు. విచారణ లేకుండా వేలమందిని లోపల పెట్టారు. తొమ్మిది హైకోర్టులు ఎదురునిలిచాయి, నిర్బంధం చట్టప్రకారం ఉందో లేదో మేం చూస్తాం అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రభుత్వం తరఫున వాదిస్తున్న అటార్నీ జనరల్ నీరెన్ డేను ఒక ప్రశ్న అడిగారు: ఒక పోలీసు తన సొంత కక్షతో ఒకరిని చంపేస్తే, అప్పుడు కూడా దిక్కు లేదా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జిలలో నలుగురు ప్రభుత్వం పక్షాన నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి జనవరిలో సీనియారిటీ పక్కన పెట్టి ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేసి వెళ్లిపోయారు.

కథ అక్కడే ఆగి ఉంటే నాన్నగారి మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆగలేదు. 1978లో 44వ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీ ఉన్నా సరే ఆర్టికల్ 20, 21లను సస్పెండ్ చేయడానికి వీల్లేదని రాజ్యాంగంలోనే రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 1976 తీర్పు తప్పని చెప్పి దాన్ని కొట్టేసింది కూడా ఈ తీర్పే. ఆ మాటలు రాసింది జస్టిస్ డి.వై. చంద్రచూడ్. 1976లో ప్రభుత్వం పక్షాన నిలిచిన నలుగురిలో ఒకరు ఆయన కన్నతండ్రి వై.వి. చంద్రచూడ్. తండ్రి రాసినదాన్ని కొడుకు తప్పు అన్నాడు, దేశం ముందు. మీ నాన్నగారి మీద గౌరవం ఉంచుకునే ఆయన మాట కాదనవచ్చమ్మా.

అదే తీర్పులో నాకు ఇంకా ఎక్కువ ఇష్టమైన భాగం ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, ఆధారాలు లేక వదిలేశారు. అయినా ఆయన పేర హిస్టరీ షీట్ తెరిచారు, మన దగ్గర రౌడీషీట్ అంటామే, అలాంటిది. కానిస్టేబుళ్లు రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవారు, నిద్రలేపేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళితే 1962లో ఎక్కువమంది జడ్జిలు రాత్రి తలుపు కొట్టడం ఒక్కటే తప్పన్నారు, నిఘా పెట్టడంలో తప్పు లేదు, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు అన్నారు. జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని వేరే తీర్పు రాశారు. ఆయనదీ రాజమండ్రే. ఆ రోజు ఆయన మాట ఓడిపోయింది. 55 ఏళ్ల తర్వాత తొమ్మిది మందీ ఆయన చెప్పిందే సరి అన్నారు. మీ ఇంటి తలుపు రాత్రి తొమ్మిదింటికి కొట్టినప్పుడు ఈ తీర్పు మీ వైపు ఉంది, మీకు తెలియకపోయినా.

తీర్పు ఉంటే దెబ్బ ఆగుతుందా అని మీరు అడగవచ్చు. ఆగదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక తల్లి మా సీనియర్ ఇంటికి వచ్చింది. స్టీలు క్యారియర్లో అన్నం పట్టుకుని స్టేషన్‌కు వెళితే ‘మీవాడు ఇక్కడ లేడు’ అన్నారట. ఆమె తిరిగి వస్తూ గుమ్మం పక్కన చెప్పులు చూసింది. కుడికాలి చెప్పుకి తెగిన పట్టీ బదులు ఎర్ర వైరు కట్టి ఉంది. ఆ వైరు కట్టింది ఆమే. మా సీనియర్ ఆ మాట విని, ఆ రాత్రే హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, టైపు చేయించడం మొదలుపెట్టారు. అఫిడవిట్‌లో ఆ చెప్పు గురించి ఒక పేరా ఉంది. పిటిషన్ వేస్తున్నామన్న కబురు స్టేషన్‌కు ఎలా చేరిందో తెలియదు, తెల్లారేసరికి కుర్రవాడు ఇంట్లో ఉన్నాడు. అది నేను కళ్లారా చూశాను. రాతలో పెట్టిన గంట, రాతలో పెట్టిన చెప్పు ఎంత పని చేస్తాయో అప్పుడు అర్థమైంది.

ఒడిశాలో నీలాబతి బెహెరా అనే తల్లికి ఆ అదృష్టం కూడా దక్కలేదు. 1987 డిసెంబర్ 1న ఆమె 22 ఏళ్ల కొడుకును పోలీసులు అవుట్‌పోస్టుకు తీసుకెళ్లారు. రాత్రి ఆమె అన్నం పట్టుకెళితే తిన్నాడు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. తప్పించుకుని పారిపోతూ రైలు కింద పడ్డాడన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఉత్తరమే. దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని విచారించి, 1993లో లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇమ్మన్నారు. ప్రాథమిక హక్కును కాలరాసినప్పుడు ‘మేం సర్కారు, మా మీద దావా కుదరదు’ అని తప్పించుకోవడానికి లేదని ఆ తీర్పు తేల్చింది. పోయిన కొడుకు రాలేదు. కానీ ఈ రోజు మీరు పరిహారం అడగగలుగుతున్నారంటే ఆ తల్లి రాసిన ఉత్తరం వల్లే.

మీరు ఇప్పుడు ఏం చేయాలంటే, జిల్లా ఎస్పీ గారి పేర ఒక ఫిర్యాదు రాయండి. కోపం మాటలు వద్దు. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏమన్నారు, ఎన్నింటికి వదిలారు, అంతే. ఫోను రసీదు లేకుండా తీసుకున్నారని ప్రత్యేకంగా రాయండి. కేసు నంబరు లేకుండా, స్వాధీనం చేసుకున్నట్టు మేజిస్ట్రేటుకు తెలియజేయకుండా ఒకరి ఫోను స్టేషన్లో ఉంచుకునే అధికారం వాళ్లకు లేదు. తెల్ల కాగితాల సంగతి తప్పకుండా రాయండి. రేపు ఆ సంతకాల పైన ‘నా ఇష్టప్రకారం వచ్చాను’ అని రాసుకునే అవకాశం ఉంది, అంతకంటే ముందే మీ మాట రికార్డులో ఉండాలి. పోలీసుకు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు, పోలీసు దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు కూడా. తమ్ముడికి ఈ మాట చెప్పండి, సంతకాల గురించిన టెన్షన్ కాస్త తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది సీసీ కెమెరా. ప్రతి స్టేషన్లో గుమ్మం నుంచి లాకప్ దాకా కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. ఆ మంగళవారం రాత్రి 9 నుంచి గురువారం 11 వరకు ఉన్న రికార్డింగును చెరిపేయకుండా భద్రపరచమని మీ ఫిర్యాదులోనే కోరండి. స్టేషన్లో రోజూ జరిగేది రాసే జనరల్ డైరీలో ఆ రెండు రోజుల ఎంట్రీలు కూడా అడగండి. కెమెరా పనిచేయలేదని చెబితే, ఆ జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఒక కాపీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వండి, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, కాబట్టి దరఖాస్తు మీ పేరు మీదే పెట్టండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే ఏడాది లోపే వెళ్లాలి, ఆ తర్వాత వాళ్లు విచారణకు తీసుకోరు. వీటితో పని జరగకపోతే ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్. అక్కడిదాకా వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చుకోండి. కేసంటే నెలలు, ఒక్కోసారి ఏళ్లు.

కక్ష కడతారేమో అన్న నాన్నగారి భయాన్ని పిరికితనం అనకండి. కట్టవచ్చు. అందుకే ఒంటరిగా ఎవరూ స్టేషన్‌కు వెళ్లవద్దు, వకీలుతోనే వెళ్లండి. ఫిర్యాదు నడుస్తున్నన్నాళ్లు ఆ ఎస్సై గురించి ఏ గ్రూపులోనూ ఏమీ పెట్టవద్దని తమ్ముడికి చెప్పండి. రోడ్డు సంగతి మాత్రం వదలక్కర్లేదు. ఆ పనికి ఎంత బిల్లు అయిందో, ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎన్ని మీటర్లు కొలత రాశారో కాపీ ఇమ్మని సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టమనండి. వాడు రాసిన మాట నిజమైతే ఆ కాగితమే చెబుతుంది.

షాపు తెరవమని వాణ్ణి తొందర పెట్టకండి. ‘ఏమైందిలే, రెండు దెబ్బలేగా’ అని ఎవరినీ అననివ్వకండి. వాడు చెప్పాలనుకున్నప్పుడు వినండి, చెప్పినవి తారీఖులతో రాసి పెట్టండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే అదే ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన వద్దంటున్నారని వదిలేయకండి. లోపల ఏం జరిగిందో తమ్ముడికి తెలుసు, కానీ గంటలు తెలిసింది ఆయన ఒక్కరికే. ఆ రెండు రాత్రులూ స్టేషన్ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది ఆయన. ఎవరు లోపలికి వెళ్లారో, ఎప్పుడు లైట్లు ఆర్పారో, ఎన్నిసార్లు వెళ్లి అడిగితే ఏమన్నారో ఆయనకే తెలుసు. టీ డబ్బులు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ మెసేజులు ఇంకా ఫోన్లోనే ఉంటాయి, ఒక్కోదాని పక్కన టైము కూడా ఉంటుంది. అవి ప్రింటు తీయించి ఫిర్యాదుకు జత చేయండి.